జర అంటే ఎంత

గద్వాల
ఆగస్టు 2023

అత్తమ్మకు నమస్కారాలు.

అర్చన చివరి రోజు ఎట్లా గడిచిందో మీరు తెలుసుకోవాలనుకుంటున్నారని మీ పక్కింటి సరోజ ఫోన్ చేసి చెప్పింది. సరోజకు చెప్పి ఆమెతో మీకు చెప్పించడం నాకు చేతకాలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున అర్చన బాగానే లేచింది. గుండె బలహీనపడిందని, ఇంక ఎక్కువ కాలం లేదని డాక్టర్లు ముందే చెప్పారు. ఆమెకూ తెలుసు. దవాఖానలో కిటికీ పక్క మంచం. జడ వేయమని అడిగింది. వేశాను. వంకరగా వచ్చింది. ఫోన్‌లో చూసుకుని నవ్వింది. విప్పొద్దంది. ఉప్మా రెండు చెంచాలు తిన్నది.

మధ్యాహ్నం వాన పడింది. చాయ్ తెచ్చుకుందామని లేచాను. "జర ఆగు" అంది. కూర్చున్నాను. హైదరాబాద్ కాలేజీ నుంచి ఫోన్ వచ్చిందా అని అడిగింది. వచ్చిందని చెప్పాను. రోబోటిక్స్ ఎంటెక్‌లో సీటు ఇస్తున్నారని చెప్పాను. ఆ దరఖాస్తు నాతో పెట్టించింది ఆమే. పక్క మంచం దగ్గరున్న ముసలావిడను పిలిచి మరీ చెప్పింది.

"మా ఆయనకు రోబోల సదువుల సీటొచ్చిందమ్మా."

"గదేం సదువు బిడ్డా?"

"మనిషి పట్టుకోకుంటనే నడిచే మిషిన్లుంటయి. వాటికి తొవ్వ సూపిచ్చే సదువు."

నేను ఇంత బాగా చెప్పలేను.

తర్వాత చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. నేను చాయ్‌కి వెళ్లలేదు. అట్లాగే నిద్రపోయింది. సాయంత్రానికి ఊపిరి నెమ్మదించింది. డాక్టర్లు వచ్చారు, చూశారు, నా భుజం మీద చెయ్యి వేశారు. అర్చన బాధపడలేదు. మీరు ఎక్కిన బస్సు అప్పటికి ఇంకా దారిలోనే ఉంది.

ఇదీ జరిగింది.

సీటు వదులుకుంటున్నాను. వనపర్తిలో పాలిటెక్నిక్ పిల్లలకు పాఠాలు చెప్పే పని ఎట్లాగూ ఉంది. అది చాలు.

మీ అల్లుడు
శ్రవణ్ కుమార్


వీపనగండ్ల
ఆగస్టు 2023

గద్వాలల ఉన్న మా అల్లునికి నాగేంద్రమ్మ చెప్పి పంపేది.

ఉత్తరం అందింది. సరోజతోని సదివిచ్చుకోలే. ఏడో తరగతి దాక బడికి పోయిన, అక్షరాలు యాదికున్నయి. జడ వంకరగ వచ్చిందన్న కాడ నవ్విన. నవ్వినంక శానసేపు ఏడ్చిన. దాని జడ నాకే ఎన్నడు సక్కగ రాలే. పట్టు జారే జుట్టు.

మా ఇంట్ల పద్ధతి అల్లునికి తెల్సు. అత్త అల్లునితోని ఎదురుంగ మాట్లాడది. నా తల్లి మాట్లాడలే, నేను మాట్లాడలే. ఫోన్ల మాట్లాడినా ఎదురుంగ మాట్లాడినట్టే. పెండ్లైనప్పటి సంది నడుమ నా బిడ్డ ఉండె. తలుపు ఎనక నిలవడి "మీ ఆయనను ఇంకింత పెట్టుకొమ్మనే" అంటే అది చెప్పేది. వాళ్లాయన ఏమన్నడో మల్ల వచ్చి నాకు చెప్పేది. సగం మాటలు తనయి కలిపేది, అది వేరే సంగతి. ఇప్పుడు నడుమ ఎవరు లేరు. సరోజతోని అన్ని చెప్పుకుంటమా?

అందుకని కాయితమా, ఇగ నడుమ నువ్వే ఉండాలె. నేను నీకు చెప్త, నువ్వు పోయి అల్లునికి చెప్పు.

సీటు వదులుకోవద్దని చెప్పు.

అల్లునికి కోపమొస్తె రానీ. నా బిడ్డ ఆఖరికి సంబురపడ్డది ఆ సీటుకే అని ఆయనే రాసిండు. రాసినంక వదులుకుంటనంటె నేనూకుంటనా? తొవ్వ సూపిచ్చే సదువంట. ముందు తనకు తొవ్వ కనవడాలె గద. ఇంట్ల తలుపేసుకుని కూసుంటె కనవడ్తదా?

పోయి సదువుకొమ్మను. టైముకు తినుమను. బట్టలు పిండుకునుడు రాకుంటె నేర్చుకొమ్మను.

ఇట్లు
నాగేంద్రమ్మ


హైదరాబాద్
నవంబర్ 2023

అత్తమ్మకు నమస్కారాలు.

మీరు పంపిన కాయితం వచ్చి చెప్పింది. విన్నాను. సీటు తీసుకున్నాను.

క్లాసులో అందరికంటే నేనే పెద్ద. మొదటి రోజు లోపలికి వెళ్లగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. పాఠం చెప్పడానికి వచ్చాననుకున్నారు. నేను వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. వాళ్లు ఇంకాసేపు నిలబడే ఉన్నారు. తర్వాత నిజమైన లెక్చరర్ వచ్చాడు. నాకంటే చిన్నవాడు. నన్ను చూసి ఆయన నిలబడ్డాడు.

జోయా అనే అమ్మాయి మన గద్వాలదే. ల్యాబులో నా జోడీ. వాళ్ల నాన్న అఫ్జల్‌కు సైకిళ్ల దుకాణం ఉంది. మొదటి వారం నన్ను అంకుల్ అంది. రెండో వారం అన్నా అంది. పదోన్నతి అనుకున్నాను.

చదువు సంగతి. మిషన్‌కు కెమెరాలు కళ్లు. చక్రాలు కాళ్లు. అవి కొనుక్కుంటే దొరుకుతాయి. కష్టమంతా వేరే ఉంది. తాను ఇప్పుడు ఎక్కడ ఉన్నానో మిషన్ ఎప్పటికప్పుడు తెలుసుకోవాలి. అది తెలిస్తేనే ఎటు పోవాలో తేల్చుకోగలదు. మేము రాసే లెక్కలన్నీ దాదాపు దీనికోసమే. నాకు ఈ పాఠం నచ్చింది.

మా గైడ్ అనంతయ్య సార్. నేను చేసిన మొదటి బండి ల్యాబులో నేరుగా వెళ్లి ఆయన కాలు తొక్కింది. ఆయన చెప్పు సర్దుకుని అన్నాడు: "శ్రవణ్, ఇది రోబో కాదయ్యా, పెండ్లికొడుకు. ముందు ఎవరున్నరో సూడకుంట నడుస్తుంది."

టైముకు తింటున్నాను. బట్టలు ఉతుక్కోవడం నేర్చుకున్నాను. తెల్ల చొక్కా ఒకటి గులాబి రంగుకు వచ్చింది. జోయా బాగుందంటోంది.

మీ అల్లుడు
శ్రవణ్ కుమార్


వీపనగండ్ల
జనవరి 2024

మా అల్లునికి నాగేంద్రమ్మ చెప్పి పంపేది.

కాయితమా, అల్లునికి చెప్పు. పెండ్లికొడుకు సంగతి సదివి నవ్వి నవ్వి పొయ్యి మీది పాలు పొంగిపోయినయి. ఆయన పెండ్లినాడు గూడ గట్లనే నడిచిండు. మా పెద్దమ్మ కాలు తొక్కిండు. ఆయనకు తెల్వదు, మేమెవరం చెప్పలే.

రోబో అంటె ఏందో సరోజ ఫోన్ల సూపిచ్చింది. అదేదో దేశంల హోటల్ల చాయ్ కప్పు పట్టుకొని వస్తుంది. ముఖం మీద రెండు కండ్లు మెరుస్తున్నయి. చాయ్ తెచ్చుటానికి మిషిన్ ఎందుకు? మనకు కాళ్లు లేవా?

గింత సదువు సదివేది కలుపుకు పనికొస్తదా అని అడుగు. పల్లి చేన్ల కలుపు సంపుతుంది. మనుషులు దొరుకుతలేరు. దొరికినోళ్లు వాళ్ల చేండ్లల్లనే పరేషాన్ ఉన్నరు. మందు కొడ్తె కలుపు వాడుతది, నా చేతులు గూడ మండుతయి. ఎడ్లతోని గుంటుక కొడ్తె సాళ్ల నడుమ పోతది గని మొక్క పక్కనున్నది అట్లనే ఉంటది. దాన్ని వంగి ఏరాలె. వంగినంక లేస్తుంటె నడుము టపటప అంటది.

మొక్క ఏదో కలుపు ఏదో గుర్తువట్టి, మొక్కను ముట్టుకోకుంట కలుపునే తీసేది చెయ్యమను. చాయ్ తెచ్చుడు తర్వాత.

అల్లుడు గులాబి అంగీ తొడుక్కోవద్దని చెప్పు. నలుగురు నవ్వుతరు. లేకుంటె తొడుక్కొమ్మను. నవ్వితె ఏమైతది?

ఇట్లు
నాగేంద్రమ్మ


నాగర్‌కర్నూల్
సెప్టెంబర్ 2024

అత్తమ్మకు నమస్కారాలు.

మీరు అడిగిందే నా ప్రాజెక్టు. పల్లి చేనులో కలుపు తీసే మిషన్. అనంతయ్య సార్ ఒప్పుకున్నాడు. చక్రాలు, చట్రం చేయించడానికి నాగర్‌కర్నూల్ వచ్చాను. ఇక్కడ దానియేలు అని ఒకతనికి వెల్డింగ్ దుకాణం ఉంది. రెండు సాళ్ల మధ్య పట్టేంత వెడల్పు చెప్పాను. అతను కొలతలు తీసుకుంటూ అడిగాడు.

"ఎవరి కోసం సార్ ఇది?"

"మా అత్తమ్మ కోసం."

"పెండ్లైనంక అత్తకు బండి చేపిచ్చే అల్లున్ని నేను సూడలే సార్. అందరు అత్తతోనే చేపిచ్చుకుంటరు."

చట్రం బాగా చేశాడు. రెండోసారి చేశాడు. మొదటిది ఎడ్లబండికి సరిపోయేలా ఉంది.

మిషన్ ముందు కెమెరా ఉంటుంది. పల్లి ఆకు ఏదో, గరిక ఏదో గుర్తుపడుతుంది. అడుగున చిన్న కత్తులు తిరుగుతాయి. మనిషి మాట విని నడుస్తుంది. మీకు ఫోన్ నొక్కే పని ఉండొద్దని మాటతో నడిచేలా చేశాను. దాని మీదే మైకులు ఉన్నాయి.

రెండు సాయాలు కావాలి.

ఒకటి, మీ చేను. డిసెంబర్‌లో పరీక్ష. బయటి కాలేజీ నుంచి పరీక్షకులు వస్తారు. నిజమైన చేనులో, రైతు చెప్పినట్టు మిషన్ నడవాలి. నడవకపోతే డిగ్రీ రాదు. మళ్లీ ఏడాది ఆగాలి. ఇంకో ఏడాది ఆ హాస్టల్ గదిలో ఉండే ఓపిక నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఈసారి రాకపోతే చదువు మానేస్తాను.

రెండు, మీ గొంతు. మన వైపు మాట మిషన్ నేర్చుకోవాలి. ముందుకు పో, ఆగు, ఎడమకు తిరుగు, కుడికి తిరుగు. ఈ మాటలు మీరు మీ తీరులో చెప్పి, సరోజ ఫోన్‌లో రికార్డు చేసి పంపాలి. నాతో మాట్లాడినట్టు కాదు. మిషన్‌తో మాట్లాడినట్టు.

మీ అల్లుడు
శ్రవణ్ కుమార్


వీపనగండ్ల
సెప్టెంబర్ 2024

మా అల్లునికి నాగేంద్రమ్మ చెప్పి పంపేది.

కాయితమా, చేను ఇస్తనని చెప్పు. అది అడిగేదేంది? బోరు కాడి చెలక ఆయనదే అనుకొమ్మను. అక్టోబర్ల పల్లి పెడ్త. డిసెంబర్ వరకు కలుపు మంచిగ ఉంటది. పరీక్షకని తియ్యకుంట ఉంచుత.

మానేస్తనన్న మాట మల్ల రాయొద్దని చెప్పు. ఆ ముక్క కాడ కాయితం చింపుదామనుకున్న. పాపం కాయితం ఏం చేసింది అని ఊకున్న.

గొంతు సంగతి శాన ఆలోచన చేసిన. మిషిన్‌తోని మాట్లాడితె తప్పు లేదంటది సరోజ. తప్పెందుకు లేదు? అల్లుడు చేసింది. అల్లుని తరఫునుంచి మా ఇంటికి వస్తుంది. అంటె అది గూడ అల్లుడే. చిన్నల్లుడు. పెద్దల్లునితోని మాట్లాడనిదాన్ని చిన్నల్లునితోని ఎట్ల ఎదురుంగ మాట్లాడుత?

అయినా మాటలు పంపిన. సరోజ ఫోన్ పట్టుకుంటె చేన్ల నిలవడి అన్ని చెప్పిన. సక్కగ చెప్పిన, ఒక్క మాట తప్పు పోలే. చిన్నల్లునికి మంచిగ అర్థమైతది.

ఇట్లు
నాగేంద్రమ్మ


హైదరాబాద్
అక్టోబర్ 2024

అత్తమ్మకు నమస్కారాలు.

మీ మాటలు అందాయి. ల్యాబులో అందరి ముందు పెట్టి విన్నాం. మీరు చెప్పినవి ఇవి:

"సరోజా, దాన్ని జర ముందుకు పొమ్మను."

"జర ఆగమనే. ఇంటలేదా? మల్లొక్కపారి చెప్పు."

"జర దాపలకు తిరుగుమను. గట్ల కాదని చెప్పు. దాపల అంటె ఎడమ అని చెప్పు, పట్నం మిషిన్‌కు ఏం తెల్సు."

జోయా నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది. అనంతయ్య సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను కూడా నవ్వాను. పెద్దగా నవ్వాను. ల్యాబులో అందరూ నావైపు చూశారు. అప్పుడు తెలిసింది, నేను నవ్వగా వాళ్లు ఇదివరకు వినలేదని.

అత్తమ్మా, మిషన్‌కు నడుమ మనిషి ఉండదు. "ఆగు" అంటే ఆగుతుంది. "ఆగమను" అంటే, ఎవరినో ఆగమంటున్నారనుకుని తన దారిన తాను పోతుంది.

ఇంకో చిక్కు ఉంది. మన వైపు జర లేకుండా ఎవరూ మాట్లాడరు. గోపాల్‌పేట, మల్దకల్ వెళ్లి జోయా చాలామంది గొంతులు రికార్డు చేసుకొచ్చింది. అందరిదీ అదే మాట. మిషన్‌కు "జర" వినబడగానే "జరుగు" అనుకుంటోంది. "జర ఆగు" అంటే ముందు ఒక్క దూకు దూకి, అప్పుడు ఆగుతోంది. నిన్న సార్ రెండో కాలు కూడా తొక్కింది.

సార్ అన్నాడు: "జర తీసెయ్యి శ్రవణ్. పరీక్షల ఆగు అంటె సాలు."

తీయనని చెప్పాను. ఎందుకని అడిగాడు. ఆ మాట లేకుండా మిషన్ మా ఊళ్లలో పనికిరాదన్నాను. అది నిజమే. అదొక్కటే కాదు.

"అయితె లెక్క చెప్పు. జర అంటె ఎంత? జానెడా, గజమా? నిమిషమా, గంటా? మిషన్‌కు ఏదో ఒకటి రాసియ్యాలె గద."

నేను చెప్పలేకపోయాను. మీరు చెప్పండి.

మీ అల్లుడు
శ్రవణ్ కుమార్


వీపనగండ్ల
నవంబర్ 2024

మా అల్లునికి నాగేంద్రమ్మ చెప్పి పంపేది.

జర అంటె ఎంతని అడుగుతుండంట. గింత సదివి. కాయితమా, నువ్వన్న నవ్వకు.

కూరల జర ఉప్పెయ్యి అంటె చిటికెడు. జర చాయ్ పొయ్యి అంటె నిండ. బస్సుల జర జరుగమ్మా అంటె మనిషి కూసునేంత. కూసునేది సరోజ అయితె ఇద్దరు కూసునేంత. జర పైలం అంటె జర కాదు, శాన జాగర్త. జర కూసో అంటె అన్నం తినిపోవాలె అని. ఊరికి పోయినోళ్లు జరసేపట్ల వస్త అంటె ఆ పూట రారు. జర ఆగు అంటె చాయ్ మసిలేంత సేపు. లేకుంటె అంతకంటె ఎక్కువ. లేకుంటె తక్కువ.

గిదీ లెక్క. మిషిన్ల రాసుకొమ్మను.

సరోజను అడిగిన. ఆమె లెక్క వేరే ఉంది. ఇద్దరం జగడమాడినం. రెండు దినాలు మాట్లాడుకోలే. మూడోనాడు కరివేపాకుకు వచ్చింది. జర ఇయ్యి అంది, కొమ్మ ఇరుసుకొని పోయింది.

పల్లి మొలక మంచిగ వచ్చింది. కలుపు ఇంక మంచిగ వచ్చింది. రమ్మను.

ఇట్లు
నాగేంద్రమ్మ


వనపర్తి
డిసెంబర్ 2024

అత్తమ్మకు నమస్కారాలు.

నిన్న మీ చేనులో జరిగింది మీరూ చూశారు. కాని మీరు గట్టు అవతల, కంది మొక్కల వెనక సరోజతో నిలబడ్డారు. ఇవతల ఏం జరిగిందో రాస్తాను.

ముందు జర సంగతి. జోయా నెలరోజులు కష్టపడి మిషన్‌కు జరకు, జరుగుకు తేడా నేర్పింది. ఇక లెక్క మిగిలింది. నేను రాశాను. "జర ముందుకు" అంటే అడుగు. "జర పక్కకు" అంటే బెత్తెడు. "జర ఆగు" దగ్గర అంకె వేయలేదు. ఆగి, మళ్లీ పిలిచేదాకా నిలబడమని రాశాను.

"పిలువకుంటె?" అని సార్ అడిగాడు.

"నిలబడే ఉంటుంది" అన్నాను.

దవాఖానలో ఆ మాట విని కూర్చున్నప్పుడు నాకు అంతే తెలిసింది. సార్‌కు అది చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నిన్న పరీక్షకులు ఇద్దరు వచ్చారు. మిషన్ మొదటి సాలు చక్కగా పోయింది. గరిక తీసింది, పల్లి ఆకు కదల్లేదు. రెండోదీ అంతే. పరీక్షకులలో ఒకాయన వంగి, తెగిన గరిక చేతిలోకి తీసుకుని చూశాడు. నేను చెప్పాను, అది నడిచింది. మూడో సాలులో గాలి లేచింది. నాది మెత్తటి గొంతు. ఈ మధ్య ఇంకా మెత్తబడింది. ఆ సాలు చివర పాత బోరు గుంత ఉంది కదా. మిషన్ అటు పోతోంది. "ఆగు" అన్నాను. వినలేదు. మళ్లీ అన్నాను. గాలికి వినబడలేదు. దాన్ని చేతులతో పట్టుకుందామని పరుగెత్తాను. మిషన్‌నే చూస్తున్నాను. గుంతను చూడలేదు.

గట్టు అవతల నుంచి మీ గొంతు వచ్చింది.

"ఓయ్! జర ఆగు!"

ఆగమను అనలేదు. ఆగు అన్నారు.

మిషన్ ఆగింది. నేనూ ఆగాను. నా ఒక కాలు ఇంకా గాలిలోనే ఉంది. చూస్తే గుంత అంచు నా చెప్పు కిందే ఉంది.

మిషన్ కదల్లేదు. నేనూ కదల్లేదు. పరీక్షకుడు గడియారం చూసుకుని అడిగాడు, ఎందుకు నిలబడిపోయింది, చెడిపోయిందా అని. జోయా చెప్పింది: "లేదు సార్. జర ఆగు అన్నరు గద. పిలిస్తె వస్తది."

"మరి ఆయనెందుకు నిలబడ్డరు?"

జోయా గట్టు వైపు చూసింది.

అప్పుడు మీరు, "ఇగ సాలు, ఎనకకు రా" అన్నారు. మిషన్ వెనక్కి వచ్చింది. నేనూ వచ్చాను. పరీక్షకులిద్దరూ నవ్వారు. అనంతయ్య సార్ తన కాళ్లు రెండూ వెనక్కి పెట్టుకుని నవ్వాడు. రైతు గొంతు విని, దూరం నుంచి, గాలిలో ఆగిన మిషన్ తాము ఇంతవరకు చూడలేదని వాళ్లు రాశారు. గట్టిగా వచ్చిన గొంతు మీది, మెత్తగా పోయింది నాది. అది మాత్రం రాయలేదు. పరీక్ష అయింది. డిగ్రీ వస్తుంది.

ఒక సందేహం. మీరు ఆగమన్నది ఎవరిని?

మీ అల్లుడు
శ్రవణ్ కుమార్


వీపనగండ్ల
జనవరి 2025

శ్రవణ్ కుమార్‌కు,

నిన్నే.

చిన్నల్లుడు గుంతల పడితె నాగర్‌కర్నూల్ల దానియేలు ఇంకోటి చేస్తడు. నువ్వు పడితె ఎవరు చేస్తరు?

మిషిన్‌ను నేను సూడనే లే. నువ్వు గుంత దిక్కు ఉరుకుతుంటె నా నోట్లకెల్లి మాట ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు. మాట అన్నంక సరోజ నా దిక్కు సూసింది. నేను కొంగు నోట్ల పెట్టుకున్న. మా తల్లి ఉంటె నన్ను ఇంట్లకు రానియ్యకపోవు. నా బిడ్డ ఉంటె ఊరంత చెప్పుకుంట తిరిగేది, మా అమ్మ మా ఆయనతోని మాట్లాడింది అని.

సూసినవా, నువ్వు అని రాసిన. కాయితాన్ని నడుమ పెట్టుడు మర్చిపోయిన. కొట్టేద్దామనుకున్న, కొట్టెయ్యలే.

చిన్నల్లుడు తీసిన సాళ్లు మూడు, నేను తీసినయి ఆరు. పక్కపక్కన పెట్టి సూసిన. చిన్నల్లునియి మంచిగున్నయి. ఒక్క కాడ రెండు పల్లి మొక్కలు తీసిండు, అది నీకు చెప్పొద్దనుకున్న. చెప్పిన. సక్కగ నేర్పు.

డిగ్రీ కాయితం వచ్చినంక ఇంటికి రా. గులాబి అంగీ తొడుక్కొని రా, సూస్త.

నాగేంద్రమ్మ


వీపనగండ్ల
మీ ఇంటి ముందరి గది
జూన్ 2025

అత్తమ్మకు నమస్కారాలు.

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు. సరోజ తెచ్చి మీ చేతికి ఇస్తుంది. మీరు వంటింట్లో ఉన్నారు. నేను ముందరి గదిలో మంచం మీద కూర్చుని రాస్తున్నాను. గిన్నెల చప్పుడు ఇక్కడికి వినబడుతోంది.

సాయంత్రం నేను బస్సు దిగి వచ్చాను. మీరు వాకిట్లో ఉన్నారు. నన్ను చూసి లోపలికి వెళ్లిపోయారు. నేను మీతో మాట్లాడాలని దారి పొడుగునా మాటలు కూర్చుకుని వచ్చాను. గడప దగ్గర అన్నీ పోయాయి. సరోజ మంచినీళ్లు తెచ్చింది. లోపలి నుంచి మీ మాట వినబడింది. "తిన్నడేమో అడుగు." నేను సరోజతో, తినలేదని చెప్పు అన్నాను. సరోజ గది మధ్యలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మిషిన్‌కు నేర్పిండ్రు, జర అంటె జర అని. మీ ఇద్దరికి ఎవరు నేర్పాలె? ఒక చేన్లనైతె గొంతెత్తి ఒర్రుతరు, ఒక ఇంట్ల ఉంటె నేను కావాలె. నా ఇంట్ల పొయ్యి ఆరిపోతుంది."

ఆమె మాటలో న్యాయం ఉంది.

డిగ్రీ వచ్చింది. మీ గూట్లో, అర్చన ఫోటో పక్కన పెట్టాను. ఫోటోలో ఆమె జడ చక్కగా ఉంది. అది వేసింది మీరే అయి ఉంటారు. రానేరాదని రాశారు.

పాలిటెక్నిక్‌లో మళ్లీ చేరాను. ఈసారి రోబోటిక్స్ పాఠం నాకే ఇచ్చారు. మొదటి రోజు పిల్లలు లేచి నిలబడ్డారు. నేను చివరి బెంచీ వైపు వెళ్లబోయాను. తర్వాత గుర్తొచ్చింది.

జోయా గద్వాలలో వాళ్ల నాన్న దుకాణం వెనక రెండో మిషన్ కడుతోంది. మొదటిది మీకే. దానియేలు బండిలో వేసుకొస్తున్నాడు. మొక్క తీయకుండా ఉండటం దానికి మళ్లీ నేర్పాను. ఇప్పుడు మీ గొంతు అన్నిటికంటే ముందు వింటుంది. నా గొంతు రెండోది.

ఈ రెండేళ్లు నన్ను నడిపింది మీ ఉత్తరాలు. ఇది చదివి జవాబు రాయకండి.

రేపు పొద్దున లేచి, ముఖం కడుక్కుని, గులాబి చొక్కా తొడుక్కుని, సరోజ రాకముందే వంటింటి గడప దగ్గరికి వస్తాను. వచ్చి, మీ ముందే నిలబడి, "అత్తమ్మా, జర చాయ్" అని అడుగుతాను.

మీ
శ్రవణ్